బతికే ఉన్నాడని చేసిన సంతకం

మెట్‌పల్లి కోర్టుకు ఎదురుగా ఉన్న నా ఆఫీసు బోర్డు దింపించి చాలా రోజులైంది. అయినా కొత్తగా నల్లకోటు తొడుక్కున్న పిల్లలు ఇంటికి వస్తూనే ఉంటారు. సలహా కోసం వచ్చామంటారు కానీ, మా ఇంటి టీ కోసమే వస్తారని నా అనుమానం. సగం టీ అయ్యాక ఎవరో ఒకరు సంచిలోంచి జీపీఏ కాగితం తీసి, "మేడం, దీని మీద సంతకం పెట్టినాయన మీదికి ఏమన్న వస్తదా?" అని అడుగుతారు. ఎందుకు రాదు? ఎవరి తరఫున పెట్టినా సంతకం పెట్టిన చెయ్యి మనదే కదా.

మా వైపు జీపీఏ, అంటే ఒకరి బదులు ఇంకొకరు సంతకం పెట్టేందుకు ఇచ్చే అధికార పత్రం, రేషన్ కార్డంత మామూలు కాగితం. ఇంట్లో ఒక్కరు గల్ఫ్‌లో ఉన్నారంటే బీరువాలో ఒక జీపీఏ ఉందన్నమాటే. అక్కడి నుంచి వచ్చి ప్లాటు అమ్మలేరు, బ్యాంకుకు పోలేరు. అందుకని అన్నకో బామ్మర్దికో పెళ్లానికో అధికారం రాసిస్తారు. పుచ్చుకున్నవాళ్లు దాన్ని ఒక గౌరవం అనుకుంటారు. "నన్ను నమ్మి ఇచ్చిండు" అని ఊరంతా చెప్పుకుంటారు. ఆ గౌరవం వెనక ఎంత బరువుందో వాళ్లకు చెప్పాల్సిన మనం, ఫీజు తీసుకుని కాగితం చేతిలో పెట్టి పంపిస్తాం. ఆ బరువు ఎలా ఉంటుందో నాకు చూపించిన ఒక కేసు చెబుతాను. పేర్లు అడగకండి, చెప్పను.

ఒక పొద్దున నేను ఆఫీసు తాళం తీసేసరికి గడప మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. వయసు యాభై దాటి ఉంటుంది. బీడీలు చేసేవాళ్ల వేళ్లు దూరం నుంచే తెలుస్తాయి, బొటనవేలి పక్కన చర్మం మొద్దుబారి ఉంటుంది. చేతిలో లాయర్ నోటీసు ఉంది. పక్కింటి పిల్లతో చదివించుకుని వచ్చానంది.

సంగతి ఇది. ఆమె తమ్ముడు దుబాయిలో చాలా ఏళ్లు పని చేశాడు. ఇక చాలు, వచ్చేస్తా, ఊళ్లో గిర్ని పెట్టుకుంటా అన్నాడు. పసుపు, కారం, పిండి పట్టే గిర్ని. దానికోసం మెట్‌పల్లిలో ఉన్న ప్లాటు అమ్మమని అక్క పేరు మీద జీపీఏ పంపాడు. పెళ్లానికి ఇవ్వకుండా అక్కకు ఎందుకు ఇచ్చాడంటే, చిన్నప్పుడు తల్లి పోతే అతన్ని పెంచింది ఈమే. భైంసా నుంచి ఒక పత్తి వ్యాపారి కొనడానికి ముందుకు వచ్చాడు. తమ్ముడు ఫోన్లో బేరం ఒప్పుకున్నాడు. రోజు ఖాయం చేసుకుని, అక్కా మరదలూ కలిసి రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి పని ముగించుకొచ్చారు. డబ్బు మరదలి ఖాతాలో పడింది.

ఆ తర్వాత కొన్ని రోజులకు తమ్ముడు పెట్టెలో ఇంటికి వచ్చాడు. సైటు మీద గుండె ఆగిందట.

నోటీసు పంపింది మరదలి అన్న. అందులో ఏముందంటే, మా బావ చనిపోయిన తారీఖు ఫలానా, నువ్వు ప్లాటు రిజిస్ట్రేషన్ చేసింది దాని తర్వాత. మనిషి పోయాక జీపీఏ చెల్లదు. అది తెలిసి కూడా నువ్వు దస్తావేజులో 'ప్రిన్సిపాల్ నేటికి సజీవుడై ఉన్నాడు' అని, అంటే అధికారం ఇచ్చిన మనిషి బతికే ఉన్నాడని, రాయించి సంతకం పెట్టావు. కాబట్టి అమ్మకం రద్దు చేయించాలి, నష్టం నువ్వు కట్టాలి, తప్పుడు ప్రకటనకు క్రిమినల్ కేసు కూడా ఉంటుంది.

నేను నోటీసు చదివి, ఆమె ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, ఇంకేం ఆస్తి ఉంది అని అడగడం మొదలుపెట్టాను. ఆమె నా మాట వినడం లేదు.

"గా తారీఖు తప్పు పడ్డది కదమ్మా?" అంది.

"తప్పు పడలేదమ్మా. దుబాయి వాళ్ల కాగితం కాపీ కూడా జత చేశారు."

"మాకు పెట్టె రాంగ ఒక్కదినం ముందు పోయిండని చెప్పిన్రు. దవాఖానల పోయిండని."

నేను తలెత్తి ఆమె వైపు చూశాను. అప్పుడు అర్థమైంది, ఈ మనిషికి తన తమ్ముడు ఎప్పుడు చనిపోయాడో ఇప్పటిదాకా తెలియదు. ఎలా చెప్పాలో తోచక, కాగితంలో ఉన్నది ఉన్నట్టే చెప్పేశాను.

"రిజిస్ట్రేషన్ అయినంక ఇంటికి వచ్చి బగార అన్నం వండిన. కోడికూర వండిన. అందరికీ పెట్టిన. నా తమ్ముడు ఐసు పెట్టెల ఉంటె నేను కోడికూర తిన్ననా అమ్మా?"

నాకు ఒళ్లు మండింది. ఇల్లు పోతుందని, జైలు దాకా పోవచ్చని నేను ఆలోచిస్తుంటే ఆమె కోడికూర గురించి ఏడిస్తే ఎవరికి కోపం రాదు? కానీ ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. ఫీజు సంగతి తర్వాత మాట్లాడదాం అని ఆమెను బస్టాండుదాకా సాగనంపి వచ్చాను.

మా వైపు ఒక అలవాటుంది. గల్ఫ్‌లో మనిషి పోతే ఇంటివాళ్లకు చెప్పరు. అక్కడి పోలీసులు, కంపెనీ, ఎంబసీ కాగితాలన్నీ అయి పెట్టె హైదరాబాద్‌లో దిగడానికి వారాలు పడుతుంది. అన్ని రోజులూ ఇంటివాళ్లను ఏడిపించి ఏం లాభం అని, ఊరంతా ఒక్కమాట మీద ఉంటుంది. దూరం సైటుకు పంపిండ్రు, సిగ్నల్ లేదు అంటారు. పెట్టె బయల్దేరాక పాణం బాగలేదు అంటారు. ఆ ఇంటి మనిషి కిరాణా కొట్టుకు వస్తే అక్కడి మాటలు ఆగిపోతాయి. ఇదంతా ప్రేమతోనే చేస్తారు. అందులో ఎవరికీ తప్పు కనిపించదు.

ఇక చట్టం. ప్రిన్సిపాల్ చనిపోయిన క్షణంలో జీపీఏ అధికారం పోతుంది. ఇది మనందరికీ కంఠతా వచ్చు. కానీ కాంట్రాక్టు చట్టంలో రెండువందల ఎనిమిదో సెక్షన్ ఒకటుంది. అధికారం పోయిన సంగతి ఏజెంటుకు, అంటే దాన్ని పుచ్చుకున్న మనిషికి, తెలిసేదాకా, ఆ ఏజెంటు వరకు అది రద్దయినట్టు కాదు. అంటే ఈ కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టేటప్పుడు తమ్ముడు లేడని అక్కకు తెలుసా, తెలియదా? తెలియకపోతే ఆమెకు ఏ బాధ్యతా లేదు. తెలిస్తే అంతా ఆమె మీదే.

నోటీసుకు జవాబిచ్చాం, ఐనా దావా పడింది. పిల్లల తరఫున, తన తరఫున మరదలు వాది. కానీ కోర్టుకు ఆమె రాలేదు, ఆమె ఇచ్చిన జీపీఏ పట్టుకుని అన్న వచ్చాడు. జీపీఏ మీద జరిగే కేసును ఇంకో జీపీఏతో నడిపిస్తున్నారన్నమాట. భైంసా వ్యాపారి రెండో ప్రతివాది. పాపం ఆయన ప్రతి వాయిదాకూ బస్సు పట్టుకుని వచ్చి, "మేడం, ప్లాటు జాతే కీ రహతే?" అని అడిగేవాడు. ప్లాటు పోతుందా, ఉంటుందా అని. నేనేమని చెప్పను, అందరం ఆ మాట తెలుసుకోవడానికే కూర్చున్నాం.

ఎదుటి పార్టీ వకీలు నాకు పాత స్నేహితుడు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద టిఫిన్ విప్పుకునేవాళ్లం. ఆయన పచ్చిపులుసు నేను తినేదాన్ని, నా పప్పు ఆయన తినేవాడు. తినేటప్పుడు కేసు మాట ఎత్తకూడదని మా ఒప్పందం, దాన్ని ఆయనే తప్పేవాడు. "ఊరంతటికి తెలిసిన చావు సొంత అక్కకు తెల్వదా? జడ్జి నమ్ముతడా?" అనేవాడు. ఆ మాటలో బలముందని నాకూ తెలుసు. జడ్జి హైదరాబాద్ నుంచి వచ్చిన యువకుడు. మంచివాడు, చదువుకున్నవాడు. కానీ మొదటి వాయిదాలోనే, "ఇన్ని రోజులు ఒక మరణాన్ని దాచడం సాధ్యమా?" అని అడిగాడు. హాల్లో ఉన్న వాళ్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మరణాన్ని దాచినవాళ్లే.

సాక్షులను పట్టుకు రమ్మని మా గుమాస్తాను ఊరికి పంపాను. ఆయన పొద్దున పోయి సాయంత్రం వచ్చాడు. వస్తూనే కల్లు వాసన వచ్చింది.

"అందరు ఒప్పుకున్నరు మేడం. దాచినం అన్నరు. ఎదురింటి ముసలామె అయితే ఏడ్చింది."

"మరి ఎవరొస్తున్నారు?"

"ఎవ్వరు రారట. దాచినం అని కోర్టుల చెప్తె గది మా మీదికి వస్తది కదా అంటున్నరు. ఒకాయన అయితే నన్నే అడిగిండు, చెప్పకపోవుడు గూడ నేరమేనా అని."

"నువ్వేమన్నావు?"

"మేడంను అడిగి చెప్త అన్న. గందుకనే కల్లు తాపిండు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఊరందరికీ తెలిసిన సంగతిని నిరూపించడానికి నా దగ్గర ఒక్క నోరు లేదు.

మరదలి అన్న సాక్ష్యం ఇవ్వడానికి లేచాడు. చెడ్డవాడని నేను అనను. బావ శవం కోసం హైదరాబాద్‌లో ఆఫీసుల చుట్టూ తిరిగింది, కాళ్లావేళ్లా పడింది అతనే. ఈలోగా ఇక్కడ ప్లాటు అమ్ముడుపోయిందని అతనికి తర్వాతెప్పుడో తెలిసింది. అటు పక్కనుంచి కొత్త రోడ్డు పడుతుందన్న మాట పుట్టి ప్లాట్ల రేట్లు పెరిగేసరికి, మేనల్లుళ్లకు అన్యాయం జరిగిందని అతని మనసులో గట్టిగా నాటుకుంది. "నా చెల్లెకు చెప్పొద్దన్న మాట వాస్తవం. వాళ్ల ఆడబిడ్డకు చెప్పొద్దని నేను అనలే" అని అఫిడవిట్‌లో రాయించాడు. తెలివైన మాట. దాచమన్నది ఒప్పుకుంటూనే, అక్కను ఆ లెక్కలోంచి తప్పించాడు.

నేను లేచి అభ్యంతరం చెప్పాను. జీపీఏ పట్టుకున్న మనిషి వాది తరఫున దావా వేయొచ్చు, సంతకాలు పెట్టొచ్చు, వాయిదాలకు రావొచ్చు. వాదికి సొంతంగా తెలిసిన సంగతులకు మాత్రం అతను సాక్ష్యం చెప్పలేడు. రిజిస్ట్రేషన్ రోజు అక్క పక్కన ఉన్నది మరదలు, అన్న కాదు. ఆమె స్వయంగా రావాలి. పెద్ద కోర్టులు ఎప్పుడో తేల్చిన విషయమే. జడ్జి ఒప్పుకున్నాడు. టిఫిన్ దగ్గర నా స్నేహితుడు ఆ రోజు పచ్చిపులుసు ఇవ్వలేదు. నిజానికి మరదలు వస్తే నాకేదో మేలు జరుగుతుందని నేను అనుకోలేదు. సాక్షుల్ని వెతుక్కోవడానికి ఒక వాయిదా దొరికితే చాలనుకున్నాను.

వాయిదా వచ్చింది. మరదలు వచ్చింది. సన్నగా, ముప్పై ఐదేళ్ల లోపు మనిషి. చేతులకు గాజుల్లేవు. హాల్లోకి వస్తూ వెనక బెంచీ మీద కూర్చున్న వదినె వైపు చూసి, వెంటనే తల దించుకుంది. ఆ ఇద్దరూ కేసు పడ్డాక మాట్లాడుకోలేదు. ఆమె పుట్టింట్లో ఉంటోంది. పిల్లలు కూడా అక్కడే. వాళ్లిద్దరూ ఈ మేనత్త చేతుల మీద పెరిగిన పిల్లలు.

బోనులో నిలబెట్టి ప్రమాణం చేయించారు. తర్వాత ఆమె వకీలు ఒక ప్రశ్న అడిగాడు. నల్లకోటు పిల్లలూ, ఈ ప్రశ్న మీరు కూడా అడుగుతారు, అడిగినప్పుడల్లా మీ చూపు వేరే ఫైలు మీద ఉంటుంది. అఫిడవిట్ చదివి వినిపించారా, అందులో ఉన్నవన్నీ నిజాలేనా అని. సాక్షి అవునంటుంది, టైపిస్టు అప్పటికే కొట్టేసి ఉంటాడు. నా ప్రాక్టీసులో ఆ ప్రశ్నకు వేరే జవాబు విన్నది ఆ ఒక్కసారే.

"సదివి వినిపించిన్రు సార్. ఒక్కమాట నిజం గాదు."

టైపిస్టు చెయ్యి ఆగింది. నా స్నేహితుడు ఆమె వైపు ఒక అడుగు వేసి, "సరిగ్గ విన్నవామ్మా? అన్ని నిజాలేనా అని అడుగుతున్న" అన్నాడు.

"విన్న సార్. మా వదినెకు తెలుసు అని రాసిన్రు. ఆమెకు తెల్వదు. ఆయన పోయింది నాకు ఎర్క."

హాలు వెనక నుంచి అన్న లేచాడు. జడ్జి చేత్తోనే కూర్చోమన్నాడు. పెన్ను కింద పెట్టి, "మీకు ఎలా తెలిసింది?" అని ఆమెనే అడిగాడు.

"సైటుకు పోయిండు, సిగ్నల్ లేదన్నరు. నాకు మనసున పట్టలే. ఫోన్ చేసుకుంటనే ఉన్న. ఒకనాడు ఆయన రూముల ఉండే దోస్తు ఎత్తిండు. ఎత్తి ఏడ్చిండు. ఇగ చెప్పుడేముంది సార్."

"మీ అన్నకు చెప్పారా, మీకు తెలిసిందని?"

"లేదు సార్. అన్న నాకు తెల్వదనే అనుకున్నడు. నాకోసం గంత పరేషాన్ అయి తిరుగుతుండు, తెల్సినట్టే చెయ్యలే."

"రిజిస్ట్రేషన్ రోజు మీరు అక్కడున్నారా?"

"వదినె పక్కన్నే కూసున్న. దస్తావేజు రాసిన రైటరు కాయితం సదివిండు. బతికే ఉన్నడు అని సదివిండు. మా వదినె అవునని తలకాయ ఊపింది. నాకు కండ్లు తిరిగినయి. చెప్త అనుకున్న. గప్పుడే ఆమెకు కరీంనగర్ దవాఖానల గుండెకు స్టెంటు ఏపిచ్చి తోలుకొచ్చినం. చెప్తె గక్కడ్నే పడిపోతది. ఆయన పోయిండు, ఈమె గూడ పోతే నాకెవరున్నరు సార్?"

కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంకొకటి గూడ అనుకున్న. అమ్ముమన్నది ఆయననే. గిర్ని పెడ్త, ఇగ పోను అన్నడు. ఆయన లేకున్నా ఆయన మాటన్న జరగనియ్యి అనుకున్న."

"మరి ఈ దావా ఎందుకు వేశారు?"

"అన్న పిల్లల కోసం అన్నడు. సంతకం పెట్టిన. వదినె మీద గిట్ల రాసిన్రని నాకు తెల్వలే. మొన్న మీరు నన్నే రమ్మన్నరట కదా, గప్పుడు సదివి వినిపించిన్రు."

నేను అడ్డసవాలు కోసం రాసుకొచ్చిన ప్రశ్నలు మడిచి కోటు జేబులో పెట్టుకుని, అడిగేదేమీ లేదని చెప్పాను. నా స్నేహితుడు వాయిదా అడిగాడు. తర్వాతి వాయిదాలో వాళ్లు దావా ఉపసంహరించుకున్నారు. భైంసా వ్యాపారి అందరికీ దూద్‌పేడాలు పంచాడు, ఎదుటి వకీలుకు కూడా. మరదలు పిల్లల్ని తీసుకుని వదినె ఇంటికి వచ్చేసింది. గిర్ని పెట్టారు. మా ఇంట్లో కారం ఇప్పటికీ అక్కడిదే. ఆ అన్న గిర్నికి కరెంటు మీటరు కోసం తిరిగాడని విన్నాను. అతని తిరుగుడు ఈసారి అందరికీ పనికొచ్చింది.

మీకు పాఠం కావాలంటే ఇదిగో. జీపీఏ మీద సంతకం పెట్టబోయే మనిషి వస్తే, రిజిస్ట్రార్ ఆఫీసు గడప ఎక్కకముందు ప్రిన్సిపాల్‌కు ఒక వీడియో కాల్ చేయించండి. మొహం చూడండి, గొంతు వినండి. తన పేరొక్కటే కాకుండా ఎవరి తరఫున పెడుతున్నారో కూడా రాసి సంతకం పెట్టమనండి. కాగితంలో 'సజీవుడై' అన్న మాట ఉంటే అక్కడ ఆగి, అది ఏం చెబుతుందో ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ఇవన్నీ నేను ఆ కేసు తర్వాతే గట్టిగా పాటించాను.

కానీ మరదలు సాక్ష్యం చెప్పిన రోజు కోర్టు వరండాలో జరిగింది చెప్పకపోతే ఈ కేసు చెప్పి లాభం లేదు.

హాల్లోంచి బయటికి రాగానే నేను అక్క భుజం తట్టి, "ఇక ఫికర్ లేదమ్మా, నీ మీదికి ఏమీ రాదు" అన్నాను. ఆమె నా మాట ఈసారి కూడా వినలేదు. వరండా చివర గోడకు ఆనుకుని మరదలు ఒక్కతే నిలబడి ఉంది. అన్న మెట్లు దిగి ఎటో వెళ్లిపోయాడు. అక్క నెమ్మదిగా నడుచుకుంటూ ఆమె ముందుకు వెళ్లి నిలబడింది. తిడుతుందేమో అనుకున్నాను. అన్ని రోజులు తమ్ముడి చావు తన దగ్గర దాచిన మనిషి మరి.

"గన్ని దినాలు బొట్టు పెట్టుకొని, గాజులేసుకొని, నా పక్కన కూసొని బీడీలు చుట్టినవు" అంది అక్క. "నేను కోడికూర వడ్డిస్తె తిన్నవు. ఒక్కదానివే ఎట్ల మోసినవే?"

మరదలు తలెత్తలేదు.

"నీకైతే ఇంకా బతికే ఉండె కదా వదినె. నువ్వు ఆయన ముచ్చట చెప్తుంటె వినుకుంట ఉన్న."

అక్క రెండు చేతులతో ఆమెను దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ అప్పుడు ఏడ్చారు, ఆ పెట్టె వచ్చిన రోజు విడివిడిగా ఏడ్చినవాళ్లు. మా గుమాస్తా మొహం అటు తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు, చూస్తూ నిలబడ్డాను.